ఆయనతో వెళ్ళిపోయిన కార్డు

ఆ గుంట, ఆ చిన్నపిల్ల, ఇప్పుడు లేదు. ముందే చెప్పేస్తున్నాను, చదువుతూ చదువుతూ ఆశ పెట్టుకోకండి. నేను పెట్టుకున్నాను, అది చాలు.

అరకులోయ ఆసుపత్రిలో గుమ్మం పక్కన ఒక కౌంటర్ ఉంటుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు, పేరు ఎలా ఎక్కించుకోవాలి అని వచ్చినవాళ్ళకు చెప్పడం నా ఉద్యోగం. నిబంధనల కాగితాలు పైనుంచి వస్తాయి. వాటిలో 'అర్హత గల కుటుంబ యూనిట్' అని ఉంటుంది. రాసినవాళ్ళు ఒక్కసారి కొండెక్కి, ఎవరి ముందైనా ఆ ముక్క పైకి చదివి ఉంటే బాగుండేది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టుకున్నవాళ్ళ ఇంటి కోడలిని నేను. నాకే మొదట్లో అది బోధపడలేదు. శుక్రవారం మాత్రం కౌంటర్ వదిలి సంతలో అల్లం, రాజ్మా అమ్మేవాళ్ళ పక్కన గొడుగు వేసుకుని కూర్చుంటాను. ఆసుపత్రికి రానివాళ్ళు కూడా సంతకు వస్తారు కదా.

ఆ గుంటను మొదట తీసుకొచ్చింది తండ్రి. పదేళ్ళ పిల్ల, కాస్త దూరం నడిస్తే రొప్పేది. అంత ఆయాసంలోనూ నా మొహంలోకి చూసి, "నీ కళ్ళజోడు ఒంకరగా ఉంది మేడమ్మా" అని నవ్వింది. గుండెలో కవాటం పాడైందని, పట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయిస్తే బాగుపడుతుందని మా డాక్టరు చెప్పాడు. తండ్రి చొక్కా లోపలి నుంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఆరోగ్య కార్డు తీసి నా బల్ల మీద పెట్టాడు. దాని మీద ఇంటి పెద్దగా అతని పేరు, అతని ఫోటో. అన్నీ సరిగ్గా ఉన్నాయి, పైసా ఖర్చు ఉండదని చెప్పాను. కాఫీ పళ్ళ కోత అవగానే వస్తామని వెళ్ళాడు.

కోత అయిపోయింది. వాళ్ళు రాలేదు. మిరియాలు కోయడానికి, ఆ తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టెక్కి, జారిపడి ఆ తండ్రి చనిపోయాడని వాళ్ళ ఊరి ఆశా కార్యకర్త చెప్పింది. పిల్లను తీసుకుని రమ్మని తల్లికి ఆమెతోనే కబురు పెట్టాను. జవాబు లేదు. మళ్ళీ పెట్టాను. ఆపరేషన్ అంటే భయపడి నాటు మందుల వెంట పడ్డారేమో అనుకుని చిరాకుపడ్డాను. పని ఒత్తిడిలో రోజులు గడిచిపోయాయి.

మరుసటి ఏడు సంతలో ఆ తల్లి చింతపండు అమ్ముతూ కనిపించింది. పక్కన గోనె మీద పిల్ల పడుకుని ఉంది, ఆ పిల్లను బట్టే తల్లిని పోల్చుకున్నాను. కాళ్ళు వాచిపోయాయి, పొట్ట ఉబ్బింది. నా కళ్ళజోడు వైపు చూసింది కానీ ఏమీ అనలేదు.

"ఏటమ్మా, ఎందుకు రానేదు? ఎన్ని కబుర్లెట్టాను?" కోపంగానే అడిగాను.

"కార్డు నేదు కదా మేడమ్మా. ఆయనతోటే ఎల్లిపోనాది."

నాకు అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది. వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే, అతను వాడుకున్న సామాను అతనితోనే పంపేస్తారు. కత్తి, గొడుగు, చెంబు, దుప్పటి. ఇంట్లో ఉంచుకుంటే వాటికోసం పోయినవాడు తిరిగి వస్తాడని, ఆ ప్రాణానికి నెమ్మది ఉండదని వాళ్ళ నమ్మకం. కార్డు మీద ఫోటో అతనిది, పేరు అతనిది, ఉండేది అతని చొక్కాలో. అందుకని అదీ అతని సామానే అనుకున్నారు. దుప్పటితో పాటు చితి మీద పెట్టేశారు.

"ఇంటి పెద్దే నేడు. ఇంక మాకేటి వొస్తాది? పోయినోడి దాన్ని మళ్ళీ మేమెలా అడుగుతాం?" అంది.

ఇంటి పెద్ద చనిపోతే పేరు ఎలా మార్చాలో మా కాగితాల్లో ఉంది. కానీ మొగుడికి అన్యాయం చేయకూడదని కార్డును అతనితో పంపేసిన మనిషికి ఏం చెప్పాలో ఎక్కడా లేదు. ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

"కార్డు ఆయనది కాదమ్మా. మీ ఇంటిది. నీదీ, గుంటదీ కూడా. కాలిపోయినా మీ పేర్లు పోవు. నీ ఏలిముద్ర ఉంటే సాలు."

ఇంత చిన్న మాట. అది ఆ కొండ మీదికి చేరలేదు.

ఆ వారంలోనే ఇద్దరినీ వెంటబెట్టుకుని రైల్లో పట్నం వెళ్ళాను. పెద్దాసుపత్రి కౌంటర్లో మిషన్ ఆమె వేలిముద్రను పట్టలేదు. మట్టి తవ్వి తవ్వి బొటనవేలి గీతలు అరిగిపోయాయి. చేయి కడిగించాను, చీర చెంగుతో తుడిచాను, మళ్ళీ పెట్టించాను. ఎలాగో పడింది. "అయిపోనాదమ్మా, పేరొచ్చింది" అంటే ఆమె మొహం విచ్చుకుంది. నాకూ సగం వైద్యం జరిగిపోయినంత సంతోషం వేసింది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచాడు. కుర్రవాడు, మంచివాడు. ఆమె వైపు చూడలేక నాతో ఇంగ్లీషులో చెప్పాడు. "గుండె బాగా పెద్దదైపోయిందండీ. ఊపిరితిత్తులు కూడా దెబ్బతిన్నాయి. ఏడాది కిందట తెచ్చి ఉంటే చేసేవాళ్ళం. ఇప్పుడు బల్ల మీదే పోతుంది. మందులు రాస్తాను, ఉన్నన్నాళ్ళు ఆయాసం తగ్గుతుంది."

ఆ తల్లి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. చెప్పక తప్పలేదు.

"ఆపరేషన్ సెయ్యరంటమ్మా" అన్నాను. ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు.

ఆమె ఏడవలేదు. కుడిచేతి బొటనవేలిని చీర చెంగుతో గట్టిగా తుడుచుకుని, డాక్టరు ముందుకు చాపింది.

"ఏలిముద్ర సరిగ్గా పడనేదేమో బాబూ. మళ్ళీ ఏత్తాను."