తప్పులంటే ప్రాణమిచ్చే చక్రపాణి గారు

మా చక్రపాణి గారికి తప్పు జవాబంటే ప్రాణం. ఒప్పు చెప్పినవాణ్ణి "ఊఁ" అని వదిలేస్తారు. తప్పు చెప్పినవాడికి కుర్చీ వేసి, టీ తెప్పించి, "ఎలా అనుకున్నావో కాస్త చెప్పు నాయనా" అని బతిమాలతారు. సాఫ్ట్‌వేర్ ఊపు మీదున్న ఆ రోజుల్లో అమీర్‌పేట మొత్తం ఇంటర్వ్యూ జవాబులు బట్టీపడుతుంటే, మేమిద్దరం పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్ కుర్రాళ్లు టీ కోసం తప్పులు బట్టీపట్టేవాళ్లు.

పంజాగుట్ట హోటల్లో ఓసారి రెండు దోసెలు చెబితే సర్వర్ మూడు తెచ్చాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"మూడని ఎందుకనిపించింది బాబూ?"

"మీ పక్క సారును చూసి, సార్."

ఆ పక్క సారు నేనే. మూడోది కూడా నేనే తిన్నాను.

అప్పట్లో ఆయన ఒక కంప్యూటర్‌కు లెక్కపెట్టడం నేర్పుతుండేవారు. కెమెరా కింద వస్తువులు పెడితే ఎన్నున్నాయో అది చెప్పాలి. తప్పు చెబితే మనం దిద్దాలి. దిద్దగా దిద్దగా దానికి అంకె పట్టుబడుతుందట.

కింద టైలర్ షాపు మెహబూబ్ ఓ సాయంత్రం కూతురు ఉమైరాను పైకి తీసుకొచ్చాడు.

"వందదాక గడగడ చదువుతది సార్. నాలుగు గుండీలియ్యమంటే మాత్రం పిడికెడు ఇస్తది. టీచర్ తిట్టినకాడికెల్లి లెక్కంటేనే ఏడుస్తున్నది. సోమవారం పరీక్షల తప్పితే మళ్ల యూకేజీలనే కూసోబెడతరంట."

చక్రపాణి గారు పిల్లను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "నాకో సాయం చెయ్యమ్మా. ఈ కంప్యూటర్‌కి ఏమీ రాదు. నువ్వే దిద్దాలి" అన్నారు.

నాలుగు గుండీలు పెడితే కంప్యూటర్ ఏడు అంది. ఉమైరా ఒక్కో గుండీ మీద వేలు పెడుతూ నాలుగు దాకా వచ్చింది. అలవాటు కొద్దీ నోరు ఐదు కూడా అనేసింది.

"ఐదోది ఏదమ్మా?"

పిల్ల పళ్లెం కింద కూడా వెతికింది. "లేదు సార్. నాలుగే ఉన్నయ్." తర్వాత కిసుక్కున నవ్వింది. "గీనికి నిజంగనే ఏం రాదు."

ఆ రోజు నుంచి రోజూ వచ్చి దానికి పాఠం చెప్పేది. అదేమో ఎంతకీ మారేది కాదు. మా ఓనర్ కామరాజు గారు మండిపడ్డారు. "ఏంటండీ, ఇంకా నాలుగుని ఏడంటోంది? సాయంత్రాలు డెమోకి వచ్చినవాళ్లు నవ్విపోతున్నారు." చక్రపాణి గారు తల వంచుకున్నారు.

నాకు అనుమానం వచ్చింది. పిల్ల వెళ్లాక నేనే గుండీలు పెట్టి చూశాను. నాలుగు పెడితే నాలుగు, తొమ్మిది పెడితే తొమ్మిది.

"ఎప్పుడో నేర్చేసుకుందండీ" అన్నారాయన మెల్లగా. "పిల్ల ఉన్నంతసేపూ పాత ప్రోగ్రామ్ నడుపుతున్నాను. తనకంటే తక్కువ తెలిసినదొకటి పక్కనుంటే భయం పోతుంది కదా." ఆ మనిషి మీద నాకెంత ఇష్టం కలిగిందో చెప్పలేను.

సోమవారం నాకు పాఠం సాగలేదు. మధ్యాహ్నానికి మెహబూబ్ మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు. "గట్టెక్కిందన్నా. ఐదు చాక్‌పీసులడిగితే ఐదే ఇచ్చిందంట." హమ్మయ్య అని కుర్చీలో కూలబడ్డాను.

వెనకే వచ్చిన ఉమైరా నేరుగా కంప్యూటర్ దగ్గరికెళ్లి ఆరు గుండీలు పెట్టింది. ఈసారి నడుస్తున్నది కొత్త ప్రోగ్రామ్. ఆరు అంది. మూడు పెడితే మూడు అంది. పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని మావైపు తిరిగింది.

"చూసిన్రా, నేను నేర్పిన."

"అంతా నీ చలవే తల్లీ" అన్నారు చక్రపాణి గారు.

కామరాజు గారు నిజమే అనుకున్నారు. "మా కొత్త బ్యాచ్‌కి కూడా కాస్త చెప్తావా అమ్మా?"

"పిలువుండ్రి" అంది ఉమైరా. "ఎంతమంది ఉన్నరో ముందుగాల లెక్కపెడ్త."