తాళం వేసిన పేజీ

ఏ బ్రౌజరైనా "ఇది గుర్తుపెట్టుకోనా?" అని అడిగితే నా జవాబు ఎప్పుడూ ఒకటే. వద్దు. పేరు వద్దు, ఊరు వద్దు, పాస్‌వర్డ్ అసలే వద్దు. హిందూపురంలో ఒక బడిలో పిల్లలకు కంప్యూటర్ చెప్తాను. పదిమంది చేతులు పడే యంత్రం మీద మన ఆనవాళ్లు మిగలకూడదని నా పట్టుదల.

ఆ ఏడాది బడి ల్యాబ్‌లో ఏ బ్రౌజర్ పెట్టాలో తేల్చే పని నాకు అప్పజెప్పారు. ఇంకేం, నాకు పండగే! ఇంట్లో పాత కంప్యూటర్లో మూడు బ్రౌజర్లు వేసుకుని, ఒక్కోదానిలో ఇరవై పేజీలు తెరిచి, ఏది ముందు చతికిలబడుతుందో చూస్తూ కూర్చునేదాన్ని. మూసుకుపోయాక మళ్లీ తెరిస్తే రాసింది తిరిగి ఇస్తుందా? దొంగ పేజీ కనబడితే గట్టిగా చెబుతుందా, గమ్మునుంటుందా? అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. "పెళ్లిచూపులు అయినాయా?" అని మా ఆయన రోజూ ఎగతాళి చేసేవాడు.

అప్పుడే ధర్మవరంలో మా నాయన పని ఒకటి వచ్చి పడింది. నాయన పట్టుచీరలు నేసేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక మగ్గం దిగాడు. అయితే ఆయనకు ప్రాణమైన పని గీయడం. నలభై ఏళ్లు గ్రాఫు కాయితాల మీద చీర అంచులు గీశాడు. అందులో వేరుసెనగ తీగ ఒకటుంది, పూర్తిగా ఆయన సొంత కల్పన. ఆ అంచు చీర ఎన్ని పెళ్లిళ్లలో చూశానో! ఎవరు గీశారని అడిగితే అందరూ కొన్న అంగడి పేరు చెప్తారు. నాకు ఒళ్లు మండిపోయేది. నాయన మాత్రం చిన్నగా నవ్వి ఊరుకునేవాడు.

ఇప్పుడు ఒక సంస్థ పాత అంచులతో పుస్తకం వేస్తోంది. ప్రతి అంచు కింద గీసినవాళ్ల పేరు అచ్చు వేస్తారట. ఆ వివరాలున్న కాయితం నాయన చేతికి ఇచ్చి వెళ్లారు. బొమ్మల ఫోటోలు వాళ్ల వెబ్‌సైటులో పెట్టాలి. ఆదివారం సాయంత్రం ఐదింటికి గడువు. శనివారం ఫోన్ చేశాను.

"పంపినావా నాయనా?"

"యాడమ్మా! పద్నాలుగు దినాల్నుంచి చూస్తాండా. ఎప్పుడు చూసినా తాళమేసుండాది."

"తాళమేంది?"

"పేజీకి పైన చిన్న తాళం బొమ్మ ఉండాది కదా. వాళ్లు తెరిచినాక పోదామని ఊరుకున్నా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తాళమంటే మూసేశారని కాదు, అన్ని పేజీలకూ ఉంటుంది, రెండు వారాలు వృథా చేశావు అని అరిచాను. నాయన అంతా విని, "తాళమేసిన అంగట్లోకి ఎవురు పోతారమ్మా?" అన్నాడు.

మర్నాడు పొద్దున రైలెక్కాను. పెనుకొండ గుట్టల దగ్గర సిగ్నల్ పోయింది. ఇదీ మంచిదే అనిపించింది. సిగ్నల్ ఉండగానే ఫోన్లో రెండు బ్రౌజర్లలో తెరిచి పెట్టుకున్న మా బడి సెలవు ఫారం రెండింటిలోనూ సగం సగం నింపి, మూసి మళ్లీ తెరిచి చూశాను. ఒకటి రాసిందంతా తుడిచేసింది. ఇంకొకటి పదిలంగా అట్టే పెట్టుకుంది.

ఎదురుగా కూర్చున్న అవ్వ, "ఏంది తల్లీ, ఫోనుతో కొట్లాడతాండావు?" అంది.

"పరీక్ష పెడతాండా అవ్వా."

"ఎవురు పాసయినారు?" అని ఆమె ముందుకు వంగి మరీ అడిగింది. చెప్తే శ్రద్ధగా వింది కూడా.

ధర్మవరం చేరి, బొమ్మలన్నిటికీ ఫోటోలు తీసి, నాయన కంప్యూటర్లోనూ ఆ మూడు బ్రౌజర్లు వేసి దాని ముందు కూర్చునేసరికి మధ్యాహ్నం దాటింది. నేతగాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చిన లింకు నొక్కి, నాయన రోజూ చూసి వెనక్కి వచ్చే ఆ పేజీనే తెరిచాను. కింద ఆధార్ కార్డు, వేలిముద్ర గడులు కూడా ఉన్నాయి గానీ, తొందరలో పట్టించుకోలేదు. నాయన పేరు, ఊరు కొట్టేసరికి మొదటి బ్రౌజర్ టప్పున మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే ఖాళీ. ఒక్క చోట నిలవదని నాయన దానికి 'ఉరుకులాటది' అని పేరు పెట్టాడు. రెండోది నిదానంగా, చాలా నిదానంగా తెరుచుకుని మధ్యలో బిగుసుకుపోయింది. మూడోది ప్రతిదానికీ నన్ను సవాలక్ష ప్రశ్నలు అడిగింది. అదీ మూసుకుపోయింది గానీ, మళ్లీ తెరిస్తే కొట్టిందంతా పొల్లుపోకుండా తిరిగి ఇచ్చింది.

"మూసుకుపోయినప్పుడు మనం రాసిందంతా యాడ దాచిపెట్టిందమ్మా?" నాయన కళ్లు పెద్దవి చేసుకుని అడిగాడు. ఆయనకు గడువు గుర్తే లేదు. నాకేమో గోడ గడియారం తప్ప ఇంకేదీ కనబడటం లేదు. అప్పటికే మూడయింది.

"తర్వాత చెప్తా నాయనా. మూడింట్లోనూ తాళం ఉంది. ఏదీ వద్దనలేదు. ఫోటోలు పెట్టేస్తున్నా."

"తాళం సరేమ్మా. లోపల కూచున్నోడు ఎవురో చెప్తాదా అది?"

నా వేలు ఆగిపోయింది. తాళం ఉంటే భద్రం అని పదేళ్లుగా పిల్లల చేత రాయించినదాన్ని. ఆ తాళం చెప్పేది దారి సంగతి మాత్రమే. మనం పంపేది మధ్యలో ఎవరూ చూడలేరని. అవతల ఉన్నవాడు మంచివాడని చెప్పదు. ఈ ముక్క నాకు తెలుసు. తెలిసీ ఏనాడూ పిల్లలకు చెప్పలేదు.

నాయన లోపలికి వెళ్లి సంస్థ ఇచ్చిన కాయితం, పోగులు లెక్కపెట్టే భూతద్దం తెచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కాయితం మీదున్న వెబ్‌సైటు అడ్రసును, తెర మీదున్న అడ్రసును ఒక్కో అక్షరం గీత గీతగా పోల్చుకుంటూ పోయాడు. తొందరపెట్టాలని నా నోటిదాకా వచ్చింది. మధ్యలో భూతద్దం ఆగింది.

"ఈడ ఒక నిలువు గీతే ఉండాది. ఆడ రెండుండాయి. పోగు ఎక్కువ పడిందమ్మా."

చూశాను. ఎల్ అక్షరం కాయితంలో ఒకటే, తెర మీద పక్కపక్కన రెండు. కాయితం మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే ఒకామె ఎత్తి, "ఆ లింకు మాది కాదమ్మా, దేవుడా, ఎవరికీ పంపకండి" అంది. ఆ పేజీ ఆధార్ కార్డు, వేలిముద్ర ఎందుకు అడుగుతోందో నాకు అప్పటికి వెలిగింది. అంచుల పుస్తకానికి వేలిముద్ర ఏమిటి? సిగ్గుతో చచ్చిపోయాను. నేను పెట్టిన పరీక్షలన్నీ పెట్టాక కూడా, ఆయన గీతలన్నీ నా చేతులతో దొంగకు అప్పగించబోయాను. తాళం చూసి రెండు వారాలు వెనక్కి తిరిగిపోయినందుకే ఆయన వేరుసెనగ తీగ దక్కింది.

కాయితం చూసి అసలు అడ్రసు నేనే కొట్టాను. నాయన మళ్లీ భూతద్దం పెట్టి సరే అన్నాక, ప్రశ్నలడిగే మూడో బ్రౌజర్లోనే పదకొండు బొమ్మలు పెట్టాం. 'గీసినవారి పేరు' అనే గడి దగ్గర తెర మీద తెలుగు అక్షరాల కీబోర్డు తెరిచి, లేచి కుర్చీ ఆయనకిచ్చాను. వణికే వేలితో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ తన పేరు తానే కొట్టాడు. నాలుగూ ఇరవైకి, అందిందని జవాబు వచ్చింది. వెంటనే తెర మూల ఒక చిన్న గడి లేచింది.

"ఇదేమడుగుతాండాదమ్మా?"

"నీ పేరు గుర్తుపెట్టుకోనా అని, నాయనా." అంటూనే అలవాటు కొద్దీ 'వద్దు' నొక్కబోయాను.

నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"పెట్టుకోమను తల్లీ. ఇన్నేండ్లలో ఆ మాట అడిగింది ఇదొక్కటే."

సరే అని నొక్కాను.