తూము తలుపులెత్తిన పూట

నిన్న పొద్దున్నే వాన మొదలయ్యేసరికి నా కాలు ఇంట్లో నిలవలేదు. వరండాలోంచి గేటుదాకా పదిసార్లు తిరిగాను. రిటైరయ్యాక కూడా ఈ తిరుగుడేమిటని మా ఆవిడ విసుక్కుంది. ఏం చెప్పను, వాన పడితే ఆ నీరు ఎటు పోతోందో చూడందే నాకు అన్నం సహించదు.

తొంభైల్లో ఉప్పలగుప్తం అవతల చేల మురుగునీరు మోసే ఒక చిన్న కోడు మీద ఇంజనీరుగా నా మొదటి ఉద్యోగం. అందులోకి ఏయే చేల నీరు దిగుతుందో చూసి పటం గీయమన్నారు. మీకు తెలియనిదేముంది, మన వైపు కొండలా, గుట్టలా? నీరు ఈ కోడుకు రావాలో పక్క కోడుకు పోవాలో జానెడు ఎత్తు తేల్చేస్తుంది, ఒక్కోచోట గేదెలు తొక్కిన గట్టే తేల్చేస్తుంది. కొబ్బరితోటల వెనక, ఒక్క గెంతుతో దాటేయగల బోదెగా మొదలై, దారిలో మరో పది బోదెల్ని కలుపుకొని, వంకర్లు తిరిగి తిరిగి ఉప్పుటేట్లో పడేది మా కోడు. పడేచోట ఒక తూము. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు ఎదురెక్కకుండా దాని తలుపులు దించాలి, పోటు తగ్గాక ఎత్తాలి.

ఆ పని చూసే లస్కరుది మా నాన్నగారి వయసు. ఏటి వైపు నీళ్ళలో వేలు ముంచి, నాలుక మీద రాసుకుని రుచి చూశాకే ఆయన తలుపుల మీద చెయ్యి వేసేవారు. లెవెలు యంత్రం పట్టుకు తిరిగే నాకు అది చూస్తే నవ్వొచ్చేది.

ఆ ఏడు నాట్లు పడ్డ వారానికే ముసురు పట్టి చేలన్నీ మునిగాయి. రైతులు తూము దగ్గర చేరి తలుపులెత్తమని ఒకటే గోల. నేను పటం విప్పాను. చేలు ఎత్తు, ఏరు పల్లం, ఇంకా ఆలోచించేదేముంది? లస్కరు వేలు నాలుకకు రాసుకుని, "పోటు ఎక్కుతోందండి బాబుగారూ, అమావాస్య పోటండి. మజ్జానం దాకా ఆగేరంటే అదే దిగిపోద్దండి" అన్నారు. నేను ఆగలేదు. ఆయన్ని పక్కకు జరగమని తలుపులెత్తే మర నేనే తిప్పాను. గంటలో ఏటి నీరు కోడులోకి ఎదురెక్కింది. అన్నిటికన్నా ముందు ఉప్పెక్కింది తూము పక్క చేనుకి. అది లస్కరుగారు కౌలుకి చేసుకుంటున్న చేను. నాలుగు రోజుల్లో పైరు మాడి ఎర్రబడింది.

పై అధికారి వచ్చి ఎవరెత్తారని అడిగితే నా నోరు పెగల్లేదు. గోల చేసిన రైతులూ తలలు దించుకున్నారు. "ఆయ్, నేనేనండి. పోటు చూసుకోకుండా ఎత్తేసేనండి. బాబుగారు కొత్తగా వచ్చేరు, ఆరికేం తెల్దండి" అని లస్కరే ముందుకొచ్చారు. సొంత చేను ఎవడైనా ఉప్పుకు ముంచుకుంటాడా అని ఒక్కరూ అడగలేదు. ఆయన్ని రాజోలు అవతల ఏవో లాకులకు మార్చేశారు. వెళ్ళేరోజున నాకు నమస్కారం పెట్టి మరీ బస్సెక్కారు. దానికి బదులు రెండు తిట్లు తిట్టినా ఈ తిరుగుడు నాకు తప్పేదేమో.

రెండువేలు దాటాక ఆ చేలు రొయ్యల చెరువులయ్యాయి. ఏ ఉప్పునీటి వల్ల ఆయన మాటపడ్డారో, ఇప్పుడు దాన్నే మోటార్లు పెట్టి మరీ తోడుకుంటున్నారు.

నిన్న వాన వెలిశాక ఉండబట్టలేక అక్కడికి వెళ్ళాను. తూము తలుపులు తుప్పు పట్టి సగంలో బిగుసుకుపోయాయి. తూముకి రెండు వైపులా వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. అటూ ఇటూ ఒకటే ఉప్పు. ఆ రోజు మర తిప్పింది నేనని పైకే అన్నాను. ఇన్నాళ్ళకు నోరు పెగిలింది గానీ, అక్కడ వినేవాళ్ళెవరూ లేరు.