దెబ్బకింత అని రేటు కట్టాను

ఒమన్‌లోని ఇబ్రీ పట్నంలో దెబ్బలకు రేటు కట్టిన మొదటి తెలుగువాణ్ణి నేనే. ఈ ఘనత తమదని ఇంకెవరైనా అంటే ఒప్పుకోను.

మాది తాతల నాటి నుంచీ కిరాణా వ్యాపారం. బేరమాడకుండా కొన్న వస్తువు మా ఇంట్లో దొంగసొత్తు కింద లెక్క. నేను లేబర్ క్యాంపు పక్కన కొట్టు పెట్టిన కొత్తలో ఒక వడ్రంగి ఇంకొకడి పన్ను రాలగొట్టి స్టేషన్ పాలయ్యాడు. నేను వెళ్లి దెబ్బ తిన్నవాడితో బేరానికి కూర్చున్నాను. నూటయాభై రియాళ్లు అడిగాడు. అరవైకి దించాను. రాజీ కాగితం మీద వేలిముద్ర పడింది, కేసు మూశారు, వడ్రంగి పేరు మీద మచ్చ లేకుండా పోయింది. నాకు పది రియాళ్లు.

మొదట్లో తాగి ఒక్కసారి చెయ్యి చేసుకున్నవాళ్లకే ఈ సాయం. తర్వాత రెండోసారి కొట్టినవాళ్లకూ, ఆపైన ఇనుపకడ్డీ పట్టినవాళ్లకూ చేశాను. గిరాకీ వస్తుంటే గుమ్మం వెడల్పు చేయడం మా రక్తంలోనే ఉంది.

రేటు తగ్గేకొద్దీ దెబ్బలు పెరిగాయి. అన్నం వరుసలో ముందు నిలబడ్డాడని ఒకడి తల గోడకేసి బాదారు. బాత్రూమ్ దగ్గర మాటామాటా పెరిగి ఇంకొకడి వేళ్లు తలుపు సందున పెట్టి నొక్కారు. అతన్ని ఆసుపత్రికి తీసుకెళితే మన కోస్తా నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

“ఏవండీ షావుకారుగారూ, కుట్లు మేం వేయడం, కాగితాలు మీరు రాయించడం. బాగుందండీ మీ యాపారం!”

“శాంతి చేస్తున్నానమ్మా.”

“శాంతా? ఈయన్ని కదలకుండా పట్టుకోడానికి నలుగురం వచ్చేశాం. అవతల వార్డులో పేషెంట్లని ఎవరు చూస్తారంటారు?”

నేను వినలేదు. ఆ వారమే ఒక మేస్త్రి సిగరెట్లు కొంటూ అడిగాడు.

“సేటూ, పన్నుకు అరవై గదా. మొకం పగలగొడితే ఎంతయితది?”

“ఎవల మొకం?”

“గా టైల్స్ పనోనిది. సైట్ల అందరి ముంగట నన్ను దొంగ అన్నడు.”

బుద్ధి ఉన్నవాడైతే అక్కడే అతని చెయ్యి పట్టుకునేవాడు. నేను నవ్వాను. “నూటయాభై. పాత గిరాకీవి, నూటఇరవైకి చేస్త తియ్యి.”

“పక్కానా?”

“పక్కా.”

రెండ్రోజులకు సాయంత్రం క్యాంపు దగ్గర డ్యూటీ దిగిన జనం అరుస్తుంటే పరిగెత్తాను. మేస్త్రి టైల్స్ పనివాడి ఛాతీ మీద మోకాలు వేసి తాపీ అంచుతో ముఖం మీద పొడుస్తున్నాడు. ఇసుకంతా నెత్తురు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట ఎర్రటి ముద్ద. ఐదుగురు కలిసి లాగారు. మేస్త్రి అందులో ఒకడి చెయ్యి కొరికేశాడు. నన్ను చూసి రొప్పుతూ జేబు తట్టుకున్నాడు.

“నూటఇరవై ఉన్నయ్ సేటూ.”

కన్ను ఇక రాదని డాక్టర్లు చెప్పేశారు. మర్నాడు ఆసుపత్రిలో అతని మంచం పక్కన కాగితం తీశాను. టైల్స్ పనివాడు ఐదువందలు అడిగాడు. నా నోరు, దేవుడి సాక్షిగా, అలవాటు కొద్దీ అనేసింది: “రెండొందలు.”

అతను నన్ను చూశాడు, ఉన్న ఒక్క కంటితో. “ఒక్క కన్నుతోని టైల్ లెవల్ ఎట్ల జూడాల్నో చెప్పు సేటూ. ఉత్తగనే పెడ్త సంతకం.”

రెండువందల ఇరవైకి తెగింది.

స్టేషన్‌లో అధికారి ఆ కాగితం చదివి పక్కకు పెట్టాడు. ఆయన మాటను కానిస్టేబుల్ నాకు హిందీలో చెప్పాడు: తన హక్కు అతను వదులుకున్నాడు, సర్కారు హక్కు అమ్మడానికి అతనెవరు, కొనడానికి నువ్వెవరు? మేస్త్రిని జైలుకు పంపారు.

లెక్క ఇదీ. ఆఖరిదానితో కలిపి పద్నాలుగు రాజీలు, నాకు నూటనలభై రియాళ్లు. కుట్లు, మందులు, మంచాలు ఆసుపత్రి నెత్తిన. తిరిగిన తిరుగుడు పోలీసుల నెత్తిన. సాక్ష్యాలకు పోయిన డ్యూటీలు, మేస్త్రికి తక్కువపడ్డ వంద అతని రూమ్ వాళ్ల నెత్తిన. కొరుకుడు గాయం విడదీయబోయినవాడికి. కన్ను టైల్స్ పనివాడికి. అతను అడిగినదానికీ నేను ఇప్పించినదానికీ తేడా రెండువందల ఎనభై. అది నేనింకా పంపలేదు.