ఫోటో కోసం తెచ్చుకున్న ఇత్తడి బిందెలు

మా చిన్నప్పుడు, కర్నూలు రాజధాని అయిన కొత్తలో, ఒకరోజు పొద్దున్నే మా వీధిలోకి ఫోటోలాయన వచ్చాడు... మూడుకాళ్ల మీద కెమెరా, దానిమీద నల్లగుడ్డ.

రోడ్డు కోసం మా వీధంతా పడగొడతారట. ఆలోపు ఇంటింటికీ ఫోటో తీస్తారని, ఇంటివాళ్లంతా గడప ముందు నిలబడాలని ముందురోజే దండోరా వేశారు. ఎందుకో వాళ్లూ చెప్పలేదు... మేమూ అడగలేదు.

మాది మట్టిమిద్దె. నాన్న మూటలు మోసేవాడు. ఇంట్లో నాలుగు సత్తుగిన్నెలు, నీళ్లకుండ... అంతే. ఫోటో అనగానే అమ్మకు పెళ్లిచూపులంత హడావుడి. దండోరా విన్న సాయంత్రమే గోడకు సున్నం కొట్టింది. పక్కవీధి ఖాసింబీ అత్త దగ్గర రెండు ఇత్తడి బిందెలు, చేతుల కుర్చీ, జరీ అంచు చీర అడిగి తెచ్చుకుంది.

"వదినా, ఎవురికీ సెప్పొద్దు."

"నా నోట్లోంచి వస్తాదా లచ్చుమమ్మా? బిందెలకు సొట్ట పెట్టొద్దు, సాలు."

నాన్న కుర్చీలో కూర్చుంటే ఎదురింటాయన వదల్లేదు. "ఏమప్పా జమీందారూ, మీసం తిప్పవా?" నేను సిగ్గుతో అమ్మ వెనక నక్కితే ఫోటోలాయన చెవి పట్టి ముందుకు లాగాడు...

ఇళ్లు పడగొట్టాక ఆఫీసుకు పిలిచారు. లేనివాళ్లకు ఊరి బయట స్థలం ఇస్తారట. గుమాస్తా మా ఫోటో చూసి పక్కన పడేశాడు.

"కుర్చీ, ఇత్తడి బిందెలు, జరీ చీర... మీకేం తక్కువప్పా? ఇది లేనోళ్లకు."

"అవి మావి కాదు సామీ, అడిగి తెచ్చుకున్నేవి" అన్నాడు నాన్న. వెనక నిలబడ్డవాళ్లు గొల్లున నవ్వారు. అమ్మ తల వాల్చేసింది.

అమ్మకు తోడొచ్చిన ఖాసింబీ అత్తను నాన్న చూపిస్తే, ఆమెను పిలిచి అడిగాడు గుమాస్తా. "ఈ సామాను నీదేనా?"

అత్త అమ్మ మొహం చూసింది. అంతమంది ముందు ఆమె పరువు తీయడానికి మనసు రాలేదు...

"నాది యాడిది సారూ? అన్నీ వాళ్లవే. శానా మర్యాదస్తులు!"

అత్త మాట నిలబెట్టుకుంది. మేము తలదాచుకునే చోటు పోతోంది...

అప్పుడు అమ్మే తల ఎత్తింది. "వదినా, సెప్పు... నీవే అని సెప్పు. ఫోటోలో నేను కట్టుకున్నే చీర గూడా నీదే అని సెప్పు."

అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. అమ్మే గుమాస్తా వైపు తిరిగింది. "మాకేమీ లేదు సామీ. ఫోటోలోనన్నా బాగుండాలని తెచ్చుకుంటి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం అమ్మ వైపు చూడలేకపోయాను... నేలమీది బండలే చూస్తూ నిలబడ్డాను.

స్థలం ఇచ్చారు. అమ్మ మళ్లీ ఎప్పుడూ ఫోటోకు నిలబడలేదు... నా పెళ్లిలో కూడా కెమెరా కనబడగానే వంటల దగ్గరికి వెళ్లిపోయింది. ఆమెది ఉన్న ఒక్క ఫోటో ఏ ఆఫీసు కట్టల్లో చెదలు పట్టిందో...

ఇప్పుడు అక్కడ పెద్ద రోడ్డు. మనవలు అన్నం తింటూ ఒకటి, నిద్రలేచి ఒకటి ఫోటో తీసుకుంటుంటే చూస్తూ ఉంటాను. మీ ఇళ్లలోనూ పక్కింటి సామానుతో ఫోటో దిగినవాళ్లు ఉంటే రాయండి... నాకు కాస్త తోడుగా ఉంటుంది.