గట్టు మీద పరుగెత్తిన శత్రుసైనికుడు

ఆ యుద్ధం సినిమా మీద వ్యాసం రాసినా నా కోపం తీరలేదు. దాన్ని తీసిన నేలనైనా చూద్దామని నాగర్‌కర్నూల్లో పొద్దున్నే బస్సెక్కాను. సినిమా పేరు రాయను, నా ఖర్చుతో దానికి ప్రచారమెందుకు? మూలమైన నవలలో రెండు సైన్యాల్లోనూ ఆకలితో చేరిన రైతులే ఉంటారు. సినిమాలో మనవాళ్ళు దేవుళ్ళు, అవతలి మతంవాళ్ళు రాక్షసులు. రాజుగారి మీసానికి అరగంట, కూలివాడి చావుకు హాల్లో ఒక ఈల. ఇది చరిత్రా, ఎన్నికల ప్రసంగమా?

వనపర్తిలో బస్సు మారాలి. అక్కడ బొరుగుల ఉగ్గాని తిని బయల్దేరితే బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి మధ్యాహ్నానికల్లా గద్వాల చేరతాం. మట్టికోట చూశాక, యుద్ధం తీసిన పొలాలకు ఆటో మాట్లాడాను. అయిజ రోడ్డు, రానుపోను నాలుగు వందలు. డ్రైవర్ ఖాజా నవ్వాడు.

"ఆ సినిమాల నేను గూడ ఉన్న సారూ. పొద్దుగాల రాజు దిక్కు, బువ్వ తిన్నంక శత్రువుల దిక్కు. రాజు దిక్కు నిలబడనీకె నా అసలు గడ్డం గీకిచ్చిన్రు. మల్ల శత్రువుల దిక్కుకు ఉత్తుత్తి గడ్డం అతికిచ్చిన్రు!"

"కోపం రాలేదా?"

"దురద వచ్చింది సారూ, మస్తు."

నా ఫోన్లో ఆ సినిమా ఉందని తెలిసి, "జర ఒక తాన ఆపుత" అని ఒక రేకుల ఇంటి ముందు ఆపాడు. అక్కడ సవారమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆమె భర్త ఈరన్న కూడా ఆ యుద్ధంలో సైనికుడే. తర్వాత ఇద్దరూ పూణేకి కూలికి పోయారు. అక్కడ జ్వరమొచ్చి ఈరన్న దవాఖానలో చనిపోయాడు. ఆమె తిరిగొచ్చేసరికి గద్వాలలో సినిమా ఎత్తేశారు.

"ఫోటోల నిలబడే ఉన్నడు సారూ. నడుస్తుంటె ఒక్కపారి చూడాలె" అంది.

యుద్ధం పెట్టాను. రాజు సైన్యంలో ఈరన్న కనిపించలేదు. శత్రుసైన్యం వచ్చింది. అందరికీ ఒకే కాటుక, ఒకే గడ్డం. "అందరొక్కతీర్గనే ఉన్నరు గదా" అంటూ ఆమె ఫోన్ మీదికి వంగింది. ఇంతలో, నేను చూసిన రోజు హాలంతా పగలబడి నవ్విన చోటు వచ్చింది. సైన్యమంతా వేరుశనగ చేనుకు అడ్డంగా దూసుకొస్తుంటే ఒకడు మాత్రం పక్కకు తప్పుకుని గట్టెక్కి పరుగెడతాడు. వెనక వెటకారపు సంగీతం. శత్రువుల్ని పిరికివాళ్ళుగా చూపారని నేను వ్యాసంలో మండిపడింది ఈ దృశ్యం మీదే.

"ఆపు సారూ! అగో, మా ఆయినె!"

"గడ్డంల ఎట్ల గుర్తువట్టినవ్ అక్కా?" అన్నాడు ఖాజా.

"బుడ్డల చేను తొక్కొద్దని గట్టు మీదికెల్లి ఉరుకుతుండు. ఇంకెవడు ఉరుకుతడ్రా గట్ల?"

"అవ్! డైరెక్టరు మైకుల తిడ్తనే ఉండె. ఈరన్న మాటింటెనా?"

"చేను మీదేనా?" అడిగాను.

"మాకు చేనేడిది సారూ? ఎవలదో."

మళ్ళీ పెట్టమంది. మళ్ళీ. ప్రతిసారీ అతని మీద కత్తి దిగే ముందే నా చెయ్యి పట్టుకునేది. "నరికేది వద్దు. ఈడిదాంక సాలు."

ఆ సినిమా అబద్ధమనే ఇప్పటికీ అంటాను. అయితే అంత ద్వేషం నింపిన తెర మీద, సెంటు భూమి లేని ఒక మనిషి ఎవరిదో పంట కోసం పక్కకు తప్పుకున్నాడు. దర్శకుడికీ నాకూ అది పిరికితనంలాగే కనిపించింది. సినిమాలో తీసేశారనుకున్న నవల్లోని రైతు అక్కడే ఉన్నాడు, గట్టు మీద.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. పైరున్న రోజుల్లో ఆ చోటికి చేలలోంచి అడ్డదారి చూపిస్తామంటారు. వద్దు. గట్టు మీదుగానే నడవండి.