మామ్మగారి బాత్రూముకు మోట తొండం

ఆ కాలంల తానం అంటే బాయి గడ్డ మీద రెండు బొక్కెన్లు కుమ్మరించుకొని ఒళ్ళు గాలికి ఆరబెట్టుకునుడే. ఆవిరి ఎటు పోతదని ఎవడూ అడగలే. ఆకాశం అంత పెద్దగ ఉండంగ దానికి తొవ్వ చూపించే పనేముంది? తలుపేసుకొని తానం చేసేటోళ్ళకే ఆ ఫికరు. వాళ్ళ ఫికరు నా నెత్తికెక్కిన ముచ్చట ఇది. నవ్వుకునేటోళ్ళు నవ్వుకోండ్రి, నాకైతే సగమే నవ్వొస్తది. (అక్షరాలు నాకు నలభై దాటినంక వచ్చినయి. తప్పులుంటే మీరే దిద్దుకోండ్రి, నేను మళ్ళ రాయ.)

గోపన్‌పల్లి దిక్కు పెద్ద సదువుల బడి కడుతున్నప్పుడు చుట్టుపక్కల కొత్త ఇండ్లు లేచినయి. అండ్ల రోడ్ల సారుది ఒకటి. కోస్తా నుంచి వచ్చినాయన, రోడ్ల ఆఫీసుల నౌకరీ, అందుకే మేము ఆ పేరు పెట్టుకున్నం. ఆ ఇంటికి తాపీ పని నాది. మొదట బాత్రూము వెనక గోడకే ఉండె. తర్వాత సారు ఇటు వంటిల్లు పెంచిండు, అటు సామాన్ల అర్ర వేయించిండు. ఆఖరికి బాత్రూము ఇంటి నడిమిట్ల పడ్డది, కిటికీ లేదు, కన్నం లేదు. సారు తల్లిని అందరు మామ్మగారు అనేటోళ్ళు. ఆమెకు ఉబ్బసం. వేన్నీళ్ళు పోసుకుంటే అర్ర నిండ ఆవిరి, గోడలకు పచ్చటి బూజు. బయటికొచ్చి పగటియాల్ల దాక దగ్గుతనే ఉండేది. తానం చెయ్యనిది మడి కట్టది, మడి కట్టనిది మెతుకు ముట్టది. తానం చేస్తే దగ్గు, దగ్గితే అన్నం దిగది. చలికాలం వచ్చేటాళ్ళకు ఎండిన చిక్కుడు తీగ లెక్క అయింది. ఒక్కపూట స్నానం మానమని కొడుకు బతిమాలితే, "అన్నం మానేస్తానురా, అదే తేలిక" అన్నది.

ఆవిరి బయటికి పోకుంటే మనిషి దక్కదని డాక్టరు చెప్పిండట. సారు పట్నం పోయి గాలి గుంజే ఫ్యాను తెచ్చిండు. గోడకు పైన బొక్క కొట్టి బిగించిన. మంచిగనే గుంజింది, కాని గోడకు అవతల ఉన్నది సామాన్ల అర్ర. వారం తిరగకముందే బియ్యం ముక్కినయి, కోడలమ్మ ఒత్తిన అప్పడాలు రొట్టెల లెక్క మెత్తబడ్డయి. ఇగ ఆ అర్ర దాటించి ఆవిరిని బయటి గోడ దాక తీస్కపోవాలె, దానికి గొట్టం కావాలె. ఆ గొట్టం కోసం నేనూ సారూ రాణీగంజ్ అంతా తిరిగినం. దుకాణమాయన ఫ్యానయితే అమ్మిండు గాని, గొట్టమంటే మా మొఖాలు చూసి, "జర కిటికీ పెట్టుకోవచ్చు కద సేటూ" అన్నడు. సిమెంటు పైపు తెచ్చినం, దాని బరువుకు అటక విరిగి ఊరగాయ జాడీల మీద పడ్డది. రేకు గొట్టం చేయించినం. చలికి రేకు చల్లబడి, ఆవిరి నీళ్ళయి, తుప్పు రంగు చుక్కలు మళ్ళ ఫ్యాను కన్నంల నుంచే మామ్మగారి నెత్తి మీద పడ్డయి. ఆమె బల్లి అనుకున్నది. బల్లి అంటుకు మళ్ళ తానం, ఆ తానానికి మళ్ళ ఆవిరి, ఆవిరికి మళ్ళ చుక్క. ఆ పొద్దు ఆమె బయటికొచ్చేసరికి కాగుల నీళ్ళయిపోయినయి, ఆమె పెదవులు నీలమైనయి. మేము నవ్వుదామనుకున్నోళ్ళం ఆమె మొఖం చూసి నోరు మూసుకున్నం.

అప్పుడు మా నాయన మోట తొండం యాదికొచ్చింది. బాయిల నుంచి ఎడ్లు గుంజుకొచ్చిన నీళ్ళను కాలువల పోసే తోలు గొట్టం అది. మా బాయి ఎండి చానా రోజులైంది. అయినా నాయన దాన్ని కొయ్యకు వేలాడదీసి, ప్రతి ఎండకాలం కానుగ నూనె రాసేటోడు. ఎందుకని ఎవరం అడగలే. నేను సంగతి చెప్పి అడిగితే అరచేత్తోని దాన్ని తడిమిండు.

"నీళ్ళు మోసినదానితోని పొగ మోపిస్తవారా?" అన్నడు.

"పొగ కాదు నాయనా, ఆవిరి. అది గూడ నీళ్ళే."

నాయన దాన్ని కొయ్య మీదికెంచి తీసి నా భుజం మీద ఏసి లోపలికి పోయిండు.

వెడల్పు మూతి ఫ్యానుకు, సన్న మూతి బయటికి వంపుగ పెట్టి కట్టిన. చుక్క వెనుకకు రాలే, ఆవిరి నిలువలే. మామ్మగారు తానం చేసొచ్చి, దగ్గకుండ అరుగు మీద కూసున్నది. సారు నన్ను పక్కకు పిలిచి, తోలని తెలిస్తే ఆమె ఈసారి స్నానం సైతం మానేస్తుంది, దయచేసి చెప్పకండి అన్నడు. తలూపిన. కాని వేడి ఆవిరి తగిలి తోలుకు పాతవాసన లేచింది. ఆమె తానానికి పోయిందంటే చాలు, ఊళ్ళె కుక్కలన్నీ వచ్చి బయటి గోడ కింద పంక్తి భోజనానికి కూసున్నట్టు కూసునేవి. ఆమె వాటిని చూసింది. నేను సున్నం కలుపుతుంటే నా ముందుకొచ్చి నిలబడ్డది.

"అబ్బాయీ, నా స్నానాలగదికి ఏం తగిలించావు?"

ఆమె వెనుక నుంచి సారు వద్దని చేతులూపుతున్నడు. ఆమెకు అబద్ధం చెప్పి చలికాలమంత తానం చేయించుడు నాతోని కాదు.

"మోట తొండం, మామ్మగారూ. తోలు."

కోడలమ్మ చేతిల అన్నం గిన్నె గడపల్నే దించింది. మామ్మగారు ఆ గోడదిక్కే చూసింది. ఇగ ఈ మనిషి అన్నం ముట్టదు, నా నోరే ఆమె పానం తీసిందనుకున్న.

"మాది మెట్ట ఊరు. మా నూతికీ మోటే ఉండేది," అన్నది మెల్లగ. "ఆ తొండంలోంచి పడ్డ నీళ్ళతోనే నాకు పెళ్ళిస్నానం చేయించారు. లోపలికొచ్చే నీళ్ళకి లేని మైల, బయటికిపోయే ఆవిరికి ఎక్కడిదిరా?" కోడలి దిక్కు మళ్ళింది. "వడ్డించు. ఆకలేస్తోంది."

ఆ చలికాలం గట్టెక్కింది. తర్వాతి చలికాలం గట్టెక్కలే. తానం చేసి, మడి కట్టుకొని, రెండు ముద్దలు తిన్నంకనే పోయిందట. ఆ మాట సారు నాకు రెండుసార్లు చెప్పిండు, మొదటిసారి చెప్పింది మర్చిపోయి.

ఇప్పుడు నాకూ ఊపిరాడదు. పొద్దున తానం చేసి కుర్చీల కూలబడి ఎగపోస్తుంటే, తిన్నంక చేయరాదా మామా అని మా కోడలు కసురుకుంటది. చెయ్యనిది ముద్ద దిగది. జన్మల మడి కట్టినోణ్ణి కాదు, మాంసం లేనిది పండుగ ఎరుగనోణ్ణి. ఈ మొండితనం ఏ ముసలిదాని దగ్గర నేర్చుకున్ననో కోడలికి చెప్పలేక, తుండుగుడ్డల మొఖం పెట్టుకొని నవ్వుకుంట.